జుల్మీరా వదినకు రాని వంకర

మా ఊరు అరెయిన్యోలో ఏది వంకరగా కనిపించినా దానికి ఒకటే పేరు: బెల్మీరో వరస. పాపిడి పక్కకు పోయినా, ఎవరైనా ట్రాక్టరు అడ్డదిడ్డంగా నిలిపినా, ఆదివారం ఫాదరుగారి ప్రసంగం దారి తప్పినా "ఇదుగో, బెల్మీరో వరస" అంటారు. ఆ బెల్మీరోను నేనే. ఆ మాట పుట్టించింది మా ఆవిడ ఒతీలియాకు అక్క, నాకు వదిన, జుల్మీరా. మా ఇసుక దిబ్బను కాపాడే సంఘం వాళ్ళు పుస్తకం వేస్తూ ఆమె గురించి రాయమని నన్నే అడిగారు. నాలుగో తరగతి పరీక్షలో మా పరగణాకు రెండో స్థానం తెచ్చుకున్నవాడు ఊళ్ళో ఇంకెవరున్నారు కనక?

ముందు ఆమె వరసల సంగతి చెప్పాలి.

మా దగ్గర సేద్యమంటే గుంటసేద్యం. సముద్రపు గట్టున ఇసుకను రెండు నిలువుల లోతు తవ్వి, తేమ తగిలిన చోట చదును చేసి ఉల్లి, క్యాబేజీ వేస్తాం. తవ్విపోసిన ఇసుక చుట్టూ గట్టవుతుంది, గట్టు వాలున ద్రాక్ష పాకుతుంది. ఎరువు సముద్రమే ఒడ్డుకు తెచ్చి పడేస్తుంది, నాచు. జుల్మీరా వదిన గుంటపొలం అన్నిటికంటే సముద్రానికి దగ్గరిది. వాళ్ళ నాన్న తొమ్మిది శీతాకాలాలు ఒక్క పారతో తవ్విన పొలం అది. అందులో ఆమె ఉల్లినారు నాటితే చూడాలి. దారం కట్టదు, కర్ర పాతదు. తల ఎత్తి చర్చి గంటగోపురం వంక ఒకసారి చూస్తుంది, తల దించుతుంది, ఇక ఆ చివరి దాకా లేవదు. వరస బిగించిన తీగలా వస్తుంది.

ఒకసారి గోపురానికి మరమ్మతు చేశారు. ఆ వారం ఆమె వరసలన్నీ రెండు వేళ్ళ మందం పక్కకు వచ్చాయి. ఆమె పొలంలోంచి నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, "నీ గోపురం ఒరిగింది" అంది. మేస్త్రీ నవ్వాడు. "నీ కళ్ళు ఒరిగాయేమో పెద్దమ్మా!" అన్నాడు. తూకం గుండు వేలాడదీసి చూశారు. గోపురమే ఒరిగింది.

అటువంటి మనిషి పొలంలో, పెళ్ళయిన మొదటి వసంతంలో, కొత్త అల్లుడిగా నేను ఉల్లి నాటాను. ఆమె గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది.

"మరిదీ, ఇది పాము జాడా?"

"ఉల్లి వరస వదినా."

"పాముకైనా ఎక్కడికి పోవాలో తెలుసయ్యా."

ఆ మధ్యాహ్నమే ఆమె పెట్టిన 'బెల్మీరో వరస' అన్న పేరు కాఫీ కొట్టుకు చేరింది, మర్నాటికి ఊరంతా పాకింది. నేను ఊరి బ్యాండులో ముప్పై ఒక్క ఏళ్ళు పెద్ద డప్పు వాయించాను. పడవల పందెంలో మూడుసార్లు చుక్కాని పట్టి రెండుసార్లు గెలిచాను. జాలర్ల సంఘానికి పద్దెనిమిదేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. ఇవేవీ ఊరికి గుర్తుండవు. వరస ఒకటే గుర్తుంది. ఇవి చెప్పబోతే వదిన సగంలోనే "సరేలే, చారు చల్లారుతోంది" అనేది. యాభై ఏళ్ళలో నా కథ ఒక్కటైనా ఆమె ముందు ముగింపుకు వచ్చింది లేదు.

మూడేళ్ళ కిందట ఫిబ్రవరిలో పెద్ద తుఫాను వచ్చింది. సముద్రానికీ మా పొలాలకూ అడ్డుగా ఉన్న ఇసుక దిబ్బ నడుమ గండి పడింది. సరిగ్గా మేమంతా సముద్రానికి అడ్డదారిగా తొక్కి తొక్కి గడ్డి చంపేసిన చోటే పడింది. అందులో బ్యాండు వాళ్ళ అడుగులు ఎక్కువ, ఆ మాట ఒప్పుకుంటాను. గండి వెనకే జుల్మీరా వదిన పొలం. ఆదివారం పూజ అయ్యాక ఆమె నల్ల గౌను అంచు పైకి దోపుకుని గండి నుంచి తన గట్టు దాకా అడుగులు లెక్కపెట్టింది. ఎనభై నాలుగు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం అదే పని. మార్చికి డెబ్భై ఆరయ్యాయి.

తీరం సంగతి చూసే సర్కారు ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి చూశాడు. గుంటలోకి ఉప్పునీరు దిగితే బయటికి పోయే దారి ఉండదు, ఏళ్ళ తరబడి ఉల్లి మొలవదు, ముందు వరస పొలాలు వదులుకోవడం మంచిదని మర్యాదగానే చెప్పాడు.

"జరగమంటావు," అంది వదిన.

"అవునమ్మా."

"నాకు డెబ్భై ఎనిమిది. మోకాళ్ళు నొప్పి. సముద్రానికి మోకాళ్ళు లేవు కదా, దాన్నే జరగమను."

అప్పుడు వచ్చింది లియొనోర్. బ్రాగా పట్నంలో మొక్కల చదువు చదివే అమ్మాయి, పొడుగ్గా, ఎప్పుడూ తడి బూట్లతో ఉండేది. బ్యాండు గదిలో సమావేశం పెట్టి, గండి పూడ్చొచ్చు అంది. ఎండు కర్రలతో దడి కట్టాలి, ఇసుక గడ్డి నాటాలి, దిబ్బ మీద ఎవరూ నడవకూడదు. గడ్డి ఇసుకను పట్టుకుంటుంది, పట్టుకున్న ఇసుకలోంచి మళ్ళీ పైకి లేస్తుంది, అలా దిబ్బ తనే పెరుగుతుంది. ఎవరెవరు వస్తారని అడిగితే అరవై చేతులు లేచాయి. ఉల్లి పొలాల ఆడవాళ్ళు, ముసలి జాలర్లు, పట్నం నుంచి సెలవు రోజున వచ్చే మాస్టర్లు. సంఘం అలా పుట్టింది. మొదట చెయ్యెత్తింది వదిన. ఆ వెంటనే ఎత్తింది నేను, ఇది కూడా రాసి పెట్టుకోవాలి.

వేసవంతా దడులు కట్టాం. నవంబరులో నాటడం మొదలయింది. గడ్డి దుబ్బు ఎంత లోతు దించాలో లియొనోర్ చెప్పబోతే, వదిన ఇసుకలో చెయ్యి మోచెయ్యి దాకా గుచ్చి చూపించింది. "ఇంత. తడి తగిలే దాకా." పట్నం మాస్టర్లు చప్పట్లు కొట్టారు. అంతవరకు బాగానే ఉంది.

"ఇంకొక్క మాట, జుల్మీరా అత్తా," అంది లియొనోర్. "ఒకదాని వెనక ఒకటి రాకూడదు. రెండిటి సందులోకి మూడోది రావాలి. గాలికి దారి దొరక్కూడదు."

"అంటే చెల్లాచెదురుగానా?"

"అంతే."

"కోళ్ళు గింజలు కెలికినట్టు?"

"సరిగ్గా అలాగే!"

"నేనేం కోడినా పిల్లా?"

లియొనోర్ నవ్వేసింది. అర్థమయిందనుకుంది. తరవాత రెండు శనివారాలు పరీక్షలని రాలేదు.

ఆ రెండు శనివారాల్లో మా ఊరి ఆడవాళ్ళు చేసిన పని ఇంకే ఊరి వాళ్ళూ చెయ్యలేరు. వదిన గండికి సముద్రం వైపున నిలబడి, గంటగోపురం వంక చూసి, తల దించింది. ఆమె వెనక నలభై మంది తలలు దించారు. గడ్డి మొత్తం ఉల్లి వరసల్లాగే నాటారు. ప్రతి దుబ్బు మొదట్లో గంపెడు నాచు ఎరువు, ఆమె పెంట కుప్పలోంచి తెచ్చిందే. పైన చెంబెడు నీళ్ళు కూడా పోశారు. మూడో శనివారం లియొనోర్ వచ్చి దిబ్బ ఎక్కి చూసింది. చూసి, బూట్లతోనే ఇసుకలో కూలబడింది.

"ఎలా ఉంది అమ్మాయ్?" అంది వదిన, నడుం మీద చేతులు పెట్టుకుని.

"అత్తా… ఎంత తిన్నగా ఉన్నాయి!"

"అరవై ఏళ్ళ చెయ్యి."

"అదే అత్తా, ఏడుపొస్తోంది."

సంతోషంతో అనుకుంది వదిన. దగ్గరికి పిలిచి ఒక మొక్కజొన్న రొట్టె ముక్క చేతిలో పెట్టింది. పీకి మళ్ళీ నాటుదామని ఆ పిల్ల ఎంత చెప్పినా ఒక్క ఆడమనిషి కదల్లేదు. తిన్నగా ఉన్నదాన్ని పీకి వంకరగా పెట్టడమా? మా అమ్మలు చూస్తే ఏమంటారు?

శీతాకాలం గట్టెక్కాం, పెద్ద తుఫాను రాలేదు. ఏప్రిల్లో దిబ్బ మీద గుమ్మడి మొలిచింది. పెంట కుప్పలో గింజలున్నాయి కదా. ఒకటి కాదు, పద్నాలుగు తీగలు. చూడ్డానికి పక్కూళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. వదిన ఎంత గర్వపడిందంటే, ఆ ఆదివారం అడుగులు లెక్కపెట్టడమే మరిచిపోయింది.

జూన్లో ఉత్తరపు గాలి మొదలయింది.

మా ఉత్తరపు గాలి ఊరికే రాదు. మధ్యాహ్నం భోజనాలప్పుడు లేచి చీకటి పడే దాకా ఊపిరి తీసుకోకుండా వీస్తుంది. గండిలోకి వచ్చి, వదిన వరసల మధ్య సందులు చూసి, చక్కగా ఊడ్చి పెట్టిన వీధులనుకుని అందులోంచి పరుగు తీసింది. ఇసుకను కూడా వెంటబెట్టుకుని పోయింది. పునీత పేతురు పండుగ నాడు దిబ్బ వెనక బల్లలు వేసి కవళ్ళ చేపలు కాల్చాం. పళ్ళెంలో వేసిన చేప నోటి దాకా వచ్చేలోగా ఇసుకలో పొర్లినట్టయ్యేది. ఊరేగింపులో బాకా ఊదేవాడు గట్టిగా ఊదితే ముందు ఇసుక వచ్చింది, తరవాత పాట వచ్చింది. ఫాదరుగారు దీవెన సగంలో ఆపి ఉమ్మారు.

ఆ మధ్యాహ్నం నేను, వదిన, లియొనోర్ గండి దగ్గర నిలబడి ఉన్నాం. వదిన ఇంకా గాలినే తిడుతోంది. అప్పుడు ఆమె తలకు కట్టుకున్న నల్ల రుమాలు ముడి ఊడింది. రుమాలు నేలకు జానెడు ఎత్తున ఒక వరస సందులోకి దూరి, అటూ ఇటూ తగలకుండా, రైలు పట్టాల మీద పోయినట్టు పోయి, చివర్న గట్టు దాటి ఆమె పొలంలో ఉల్లి మొక్క మీద వాలింది. మేం వెనకే వెళ్ళాం. గట్టు దిగువన ఆరు వరసల ఉల్లి ఇసుక కింద పోయింది. కొసలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

వదిన రుమాలు తీసి దులిపి కట్టుకుంది. వెనక్కి గండి దాకా లెక్కపెట్టుకుంటూ నడిచింది. గండి అంచు నుంచి గట్టుకు ఇప్పుడు పంతొమ్మిది అడుగులు.

ఆ రోజంతా ఆమె ఎవర్నీ తిట్టలేదు. సాయంత్రానికి ఊరు కంగారు పడింది. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో కనుక్కోమని ఫాదరుగారు మనిషిని పంపించారు.

రెండో నవంబరు వచ్చింది. మళ్ళీ వచ్చే శీతాకాలం తుఫాను లేకుండా పోదని అందరికీ తెలుసు. ఈ గండి ఈసారి పూడకపోతే వదిన పొలం పోయినట్టే. ఆమే ముందుండి తన వరసలన్నీ పీకించింది. తన చేత్తోనే మొదటి దుబ్బు నాటింది, రెండోది పక్కకు నాటింది, మూడోది సందులోకి నాటింది. వెనక్కి తిరిగి చూస్తే తిన్నగా ఉంది.

కళ్ళు మూసుకుని నాటింది. తిన్నగా వచ్చింది. ఎడమ చేత్తో నాటింది. తిన్నగా వచ్చింది. లియొనోర్ సలహా మీద గంటగోపురానికి వీపు పెట్టి నాటింది. గోపురం ఎక్కడుందో ఆమె వీపుకు కూడా తెలుసు. చివరికి మా ఒతీలియా రెండు గ్లాసుల వైను పట్టించింది. ఆమె నడక కొంచెం తూలింది గానీ వరస మునుపటికన్నా తిన్నగా వచ్చింది. మిగతా ఆడవాళ్ళు ఆమె చేతిని చూసి నాటేవాళ్ళే కాబట్టి వాళ్ళకూ అదే గతి. పట్నం మాస్టర్లు వంకరగా నాటగలరు గానీ మోచెయ్యి లోతు దించలేరు, గాలికి లేచిపోయేవి.

మర్నాడు పొద్దున్నే మా తలుపు కొట్టారు. తీస్తే వదిన. లోపలికి రాలేదు.

"ఒతీలియా ఉందా?"

"సంతకెళ్ళింది వదినా."

"మంచిదే. నీతోనే పని." గుమ్మం చూస్తూ నిలబడింది. "మరిదీ, నీ ఉల్లి వరసలు ఇంకా అలాగే వస్తున్నాయా?"

"ఎలాగ?"

"అలాగే."

"ఏమో, నువ్వు నన్ను పొలంలోకి రానిచ్చి యాభై ఏళ్ళయింది కదా."

"ఎగతాళి చెయ్యకు. నువ్వు ముందు నడువు. నువ్వు ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ నేను గుచ్చుతా. ఆడవాళ్ళంతా నా వెనక వస్తారు." ఆగింది. "అడుగుతున్నా కదా."

నేను మంచి చొక్కా తొడుక్కుని వెళ్ళాను.

ఊరంతా వచ్చింది. లియొనోర్ ఫొటో తీసే యంత్రం తెచ్చింది. నేను దిబ్బ మీద ముందు నిలబడ్డాను, వెనక జుల్మీరా వదిన, ఆమె వెనక నలభై మంది. జీవితంలో అంత మంది ముందు నడిచింది బ్యాండులో మాత్రమే. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క చోటూ వేలితో చూపిస్తూ, ఆ చివరికి చేరి వెనక్కి తిరిగాను.

తిన్నగా ఉంది. ఉల్లి సంతలో బహుమతి ఇవ్వొచ్చు, అంత తిన్నగా ఉంది.

"ఓరి నీ దుంప తెగ!" అని అరిచింది వదిన. "ఇప్పుడా నీకు బుద్ధి వచ్చేది?"

"వదినా, నేను మామూలుగానే…"

"యాభై ఏళ్ళు తిట్టినా రానిది ఇవాళే రావాలా? మూడు వందల దుబ్బులయ్యా! పీకండర్రా!"

రెండోసారీ అదే. మూడోసారి ఇంకా బాగా వచ్చింది. జాలర్లు ఇసుకలో పడి నవ్వుతున్నారు. నాకు చెమటలు పట్టాయి. ఊపిరి తిప్పుకోవడానికి నిలబడి, మాట మార్చాలని, పక్కనున్న మాస్టరుగారికి నేను చుక్కాని పట్టిన పడవ పందెం సంగతి మొదలుపెట్టాను. మాట్లాడుతూ ఊరికే వేలితో ఇసుకలో గుంటలు చేస్తున్నాను. అవతలి పడవ మా పక్కకు వచ్చిన చోట కథ ఉండగా వదిన వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా వెనక పది పదిహేను గుంటలు. ఒకటి తూర్పున, ఒకటి పడమర, ఒకటి ఎక్కడికో.

ఆమె ఆ గుంటలు చూసింది, నన్ను చూసింది. మొదటి వసంతంలో ఉల్లి నాటినప్పుడు కూడా నేను ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నానని అప్పుడే గుర్తొచ్చిందట. తరవాత చెప్పింది.

పళ్ళు బిగించి అంది, "చెప్పు మరిదీ. తరవాత ఏమయింది?"

"చారు చల్లారదా వదినా?"

"చెప్పమంటున్నానా!"

చెప్పాను. పడవ పందెం అయ్యాక జాలర్ల సంఘం, ఆ తరవాత బ్యాండు, బిషపుగారు మా ఊరు వచ్చినప్పుడు డప్పు తోలు పగిలితే చేపల బుట్ట బోర్లించి వాయించిన సంగతి, నాలుగో తరగతి పరీక్ష, అందులో మొదటి స్థానం నాకు ఎందుకు రాలేదన్నది. నేను చెబుతూ నడిచాను, నా చెయ్యి దానిష్టం వచ్చిన చోట ఆగింది, వదిన అక్కడల్లా మోచెయ్యి దాకా గుచ్చింది. ఒక్కోసారి ఆనందం పట్టలేక నేను ఆగిపోతే వెనక నుంచి గసిరేది: "నోరు ఆపకు, వరస తిన్నగా వస్తోంది!" పదకొండు శనివారాలు. ఎనిమిది వేల దుబ్బులు. నా దగ్గర ఉన్నవి అయిపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. లియొనోర్ తన పటంలో ఆ భాగానికి పేరు రాయాల్సి వచ్చి 'బెల్మీరో వరస' అని రాసింది. పటం బ్యాండు గదిలో గోడకు ఉంది, ఎవరైనా చూడొచ్చు.

ఫిబ్రవరి ఆఖరున తుఫాను రానే వచ్చింది. మొదటిదానికంటే పెద్దది. తెల్లారి పోటు సమయానికి అందరం గట్టు మీదికి చేరాం. అల దడి దాకా వచ్చింది, దడి దాటింది, గడ్డిలోకి వచ్చింది. వదిన నా మోచెయ్యి పట్టుకుని ఉంది. ఆ పట్టు గుర్తు మూడు రోజులు పోలేదు. గడ్డి మొత్తం వంగింది. నీళ్ళు అటు ఒకటి ఇటు ఒకటిగా ఉన్న దుబ్బులకు తగిలి, ఎటు పోవాలో తెలియక, నురగ కక్కి అక్కడే ఇంకిపోయాయి. తరవాతి అల అంత దూరం రాలేదు.

ఆదివారం పూజ అయ్యాక ఆమె అడుగులు లెక్కపెట్టింది. అరవై రెండు. తరవాతి ఏడాది డెబ్భై. గండి ఉన్న చోట ఇప్పుడు దిబ్బ నా నడుం ఎత్తు ఉంది. మొదటి దడి కర్రలు ఎక్కడో లోపల ఉన్నాయి. మొన్న వసంతంలో ఆమె తన పొలంలో ఉల్లి నాటింది, గోపురం చూసి, దారం లేకుండా, ఎప్పట్లాగే. నన్ను మాత్రం గట్టు దిగనివ్వలేదు. "నీ నోరు అటు దిబ్బ మీద," అంది.

ఒక చిక్కు మిగిలింది. నా కథలన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి. కాఫీ కొట్లో నేను పద్దెనిమిదేళ్ళు కార్యదర్శిగా ఉన్నానంటే, వీధి అవతల నుంచి "పదిహేడున్నర!" అని కేక వస్తుంది.

ఇది రాయడం అయ్యాక ఆమెకు చదివి వినిపించాను. మొదటి నుంచి చివరి దాకా, చారు పొయ్యి మీద ఉన్నా, మధ్యలో ఆపకుండా విన్నది. విని కాగితాలు ఇవ్వమంది. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి, ఒక కన్ను మూసి చూసింది.

"మరిదీ, పంక్తులు కిందికి జారుతున్నాయి."

"రూళ్ళు లేని కాగితం వదినా."

"మళ్ళీ రాయి," అంది.

రాయలేదు.